ఎండ పూసిన పసుపు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఏ మిరప కళ్ళం దగ్గర నిలబడినా రెండు రంగులు కంటబడతాయి. నేలంతా పరిచిన కాయల ఎరుపు ఒకటి. కూలీలను దింపి, టిక్కీల (మిరప బస్తాల) కోసం పక్కన ఆగి ఉన్న పాత క్యాంపర్ బండి హెడ్‌లైట్ల పసుపు రెండోది. కాయలు ఎక్కువ రోజులు ఎండలో ఉంటే ఎరుపు వెలిసిపోతుందని, వెలిసిన సరుకుకు ధర పలకదని రైతుకు తెలుసు. అందుకే ఎండీ ఎండగానే కాయలను గుంటూరు కోల్డు స్టోరేజీకి చేర్చాలని తొందరపడతాడు. అదే ఎండలో ఉన్న బండి లైటు మాత్రం వెలిసిపోవటం లేదు, లేని రంగును తెచ్చుకుంటోంది. కొన్న కొత్తలో నీళ్ళలా తేటగా ఉన్న దాని అద్దం ఇప్పుడు ఆముదం పూసినట్టు ఉంది.

ఒకే ఎండ కాయలో రంగును తీసేస్తూ, ప్లాస్టిక్‌కు రంగు పూయటం ఎలా సాధ్యం? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే పచ్చబడిన ప్లాస్టిక్‌ను మళ్ళీ తెల్లగా చేసే దారి తెలుస్తుంది. ఆ దారి ఎంతవరకు పోతుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుస్తుంది.

పడమటి దేశాల్లో క్యాంపర్ అంటే పడక, పొయ్యి, నీళ్ళ తొట్టి అమర్చుకుని ఊళ్ళు తిరిగే ఇల్లులాంటి బండి. అక్కడ ఇరవై, ముప్పై ఏళ్ళ పాత క్యాంపర్ కొన్నవారికి మొదట ఎదురయ్యేది పచ్చబడిన కిటికీ చట్రాలు, గాలి జాలీలు, స్విచ్ పెట్టెలు, కప్పు మూతలు. మన వైపు క్యాంపర్ అంటే ముందు రెండు వరసల సీట్లు, వెనక సరుకు తొట్టి ఉన్న డబుల్ క్యాబిన్ పికప్. రెండు బండ్ల పనులు వేరు, వాటి ప్లాస్టిక్‌కు ముసలితనం వచ్చే తీరు మాత్రం ఒకటే.

మురికి కాదు, మార్పు

పచ్చబడిన భాగాన్ని చూడగానే ఎవరైనా చేసే మొదటి పని సబ్బునీళ్ళతో కడగటం. పైనున్న దుమ్ము, పొగ మసి, సిమెంటు పొడి పోతాయి, పసుపు పోదు. ఎందుకు పోదో తెలియాలంటే డాష్‌బోర్డు మీదో, తెల్లటి స్విచ్ పెట్టె మీదో ఏళ్ళ క్రితం అంటించిన స్టిక్కరు ఒకదాన్ని మెల్లగా ఊడదీసి చూడాలి. దాని కింద కొత్తనాటి తెలుపు స్టిక్కరు అంచులు గీసినట్టు చతురస్రంగా బయటపడుతుంది. రెండు తావులకూ తగిలిన వేడి ఒకటే. కిందిదానికి వెలుగు తగల్లేదు, గాలి సరిగా ఆడలేదు. అంటే ఈ పసుపు పైనుంచి వచ్చి పట్టింది కాదు. వెలుగు, గాలి కలిసి ప్లాస్టిక్ పదార్థాన్నే మార్చగా పుట్టింది.

ఆ మార్పుకు మూలం ఎండలోని అతినీలలోహిత కిరణాలు. భూమిని చేరే ఈ కిరణాల తరంగదైర్ఘ్యం సుమారు 290 నుంచి 400 నానోమీటర్లు. మొత్తం సూర్యశక్తిలో వీటి వాటా చిన్నదే, దెబ్బ మాత్రం గట్టిది. 300 నానోమీటర్ల వెలుగు మోల్ ఒక్కింటికి సుమారు 400 కిలోజౌళ్ళ శక్తిని మోస్తుంది. రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఏకబంధాన్ని తెంచటానికి సుమారు 350 చాలు. కంటికి కనిపించే 500 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగులో ఉండేది 240 మాత్రమే. ఈ లెక్క చూస్తే కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు చేయలేని పనిని కంటికి కనిపించని కిరణం ఎలా చేస్తుందో అర్థమవుతుంది.

బంధం తెగిన చోట జత లేని ఎలక్ట్రాన్‌తో ఒక స్వేచ్ఛా ప్రాతిపదిక మిగులుతుంది. గాలిలోని ఆక్సిజన్ దాన్ని వెంటనే పట్టుకుంటుంది. అక్కడ పుట్టిన పెరాక్సీ ప్రాతిపదిక పక్క గొలుసు నుంచి హైడ్రోజన్‌ను లాక్కుని అక్కడ మరో ప్రాతిపదికను మిగులుస్తుంది. ఎండుగడ్డిలో నిప్పు పాకినట్టు చర్య ఒక గొలుసు నుంచి మరో గొలుసుకు పాకుతుంది. వేడి ఎక్కువైతే వేగమూ పెరుగుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందన్నది పాఠ్యపుస్తకాల్లోని స్థూల నియమం. మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే నందిగామలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన బండి డాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటటం విడ్డూరమేమీ కాదు.

ఎరుపు విరుగుతుంది, పసుపు పెరుగుతుంది

ఇప్పుడు మిరపకాయకు, ప్లాస్టిక్‌కు ఉన్న తేడా చూద్దాం. కార్బన్ పరమాణువుల వరసలో ఒక ఏకబంధం, ఒక ద్విబంధం మార్చి మార్చి వస్తే ఆ వరస వెలుగును మింగుతుంది. వరస పొట్టిదైతే కనిపించని అతినీలలోహితాన్నే మింగుతుంది కాబట్టి పదార్థం తెల్లగానో తేటగానో కనిపిస్తుంది. వరస కాస్త పొడవైతే ఊదా, నీలం వెలుగులను కూడా మింగటం మొదలుపెడుతుంది. తెల్లటి వెలుగులోంచి నీలం పోతే కంటికి మిగిలేది పసుపు. ఇంకా పొడవైతే నారింజ, ఆపైన ఎరుపు. మిరపకాయకు ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్‌లో ఇలా వరసగా పది కార్బన్ ద్విబంధాలు, వాటి చివర కార్బన్‌ను ఆక్సిజన్‌తో కలిపే మరో ద్విబంధం ఉంటాయి.

కళ్ళంలో ఎండ, ఆక్సిజన్ కలిసి ఈ పొడవాటి వరసను మధ్యలో విరుస్తాయి. వరస పొట్టిబడిన కొద్దీ ఎరుపు పాలిపోతుంది. ప్లాస్టిక్‌లో జరిగేది దీనికి తలకిందులు. మొదట అక్కడ వెలుగును మింగే పొడవాటి వరసలేవీ లేవు. బంధాలు తెగి, ఆక్సిజన్ చేరి, కొత్త ద్విబంధాలు ఒకదాని పక్కన ఒకటి ఏర్పడటంతో కొత్త వరసలు పుడతాయి. అవి నీలం వెలుగును మింగేంత పొడవుకు చేరిననాడు మనకు పసుపు కనిపిస్తుంది. ఎండ చేసే పని రెండు చోట్లా ఒకటే, బంధాలను తెంచి ఆక్సిజన్‌కు అప్పగించటం. ఆ తర్వాత వరస విరుగుతుందా పెరుగుతుందా అనేది పదార్థాన్ని బట్టి ఉంటుంది.

ఏది దేనితో చేసింది?

బండిలో ప్లాస్టిక్ ఒక్కటి కాదు. వైద్యం మొదలుపెట్టే ముందు జాతి తెలుసుకోవాలి. విప్పిన భాగం వెనకవైపు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఏబీఎస్, పీసీ (పాలీకార్బనేట్), పీపీ, పీవీసీ, పీఎంఎంఏ (యాక్రిలిక్) అని పోతపోసి ఉంటుంది. అక్షరాలు లేకపోతే విరిగిన ముక్కను గ్లాసు నీళ్ళలో వేయవచ్చు. మరేమీ కలపని పీపీ, అంటే పాలీప్రొపిలీన్, తేలుతుంది. ఏబీఎస్, పాలీకార్బనేట్ మునుగుతాయి.

హెడ్‌లైటు అద్దం అని మనం పిలిచేది ఇప్పటి బండ్లలో అద్దం కాదు, పాలీకార్బనేట్. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఒకరికి తెలియకుండా ఒకరు దీన్ని తయారుచేశారు. గాజు కన్నా తేలిక, రాయి తగిలినా పగలదు, ఏ వంపుకైనా ఒదుగుతుంది. 1983లో అమెరికా నిబంధనలు మారాక ప్లాస్టిక్ హెడ్‌లైట్లు కార్లలోకి వచ్చి క్రమంగా ప్రపంచమంతా పరుచుకున్నాయి. పాత లారీల గుండ్రటి గాజు లైట్లు ఎన్నేళ్ళు తిరిగినా పచ్చబడకపోవటానికి కారణం గాజులో తెగి ఆక్సీకరణం చెందే కార్బన్ గొలుసులు లేకపోవటమే. పాలీకార్బనేట్‌లో బెంజీన్ వలయాలున్నాయి. అవి అతినీలలోహితం దెబ్బకు మారి పసుపు రంగు క్వినోన్ల వంటి పదార్థాలవుతాయి. అందుకే తయారీదారులు పైన గట్టి పారదర్శక పూత వేస్తారు. ఇసుక, దుమ్ము, తుడుపులతో ఆ పూత అరిగిపోయిన చోట పసుపు మొదలవుతుంది. ఎండ నేరుగా పడే పైఅంచు ముందు పచ్చబడటాన్ని ఎవరైనా గమనించవచ్చు.

స్విచ్ పెట్టెలు, గాలి జాలీలు, లోపలి పలకలు ఎక్కువగా ఏబీఎస్. అక్రిలోనైట్రైల్, బ్యూటడైన్, స్టైరీన్ కలిసిన పేరు అది. విరగకుండా సాగే గుణాన్ని బ్యూటడైన్ రబ్బరు కణాలు ఇస్తాయి. దాని గొలుసులో మిగిలే ద్విబంధాల పక్కనున్న హైడ్రోజన్ బలహీనంగా అతుక్కుని ఉంటుంది. ఆక్సిజన్ ముందుగా అక్కడే చొరబడుతుంది. అంటే ఏబీఎస్‌కు గట్టిదనమిచ్చిన భాగమే దాని బలహీనత కూడా.

సీటు రెగ్జిన్, తీగల తొడుగులు పీవీసీ. ఇది హైడ్రోజన్ క్లోరైడ్‌ను వదిలేస్తూ గొలుసు పొడుగునా ద్విబంధాలను మిగుల్చుకుంటుంది. అవి ఏడెనిమిది వరసగా చేరేసరికి పసుపు, ఇంకా చేరితే గోధుమరంగు కనిపిస్తాయి. ఫైబర్ టాపులు, గోడౌన్ల కప్పులో వెలుగు కోసం వేసే ఫైబర్ రేకులు పాలియెస్టర్ రెజిన్‌లో గాజునార కలిపి చేసినవి. ఇవీ ఎండకు పచ్చబడి, పైపొర అరిగి, చివరకు నారను బయటపెడతాయి. నల్లటి పీపీ బంపర్లు పచ్చబడవు, సుద్ద రాసినట్టు బూడిదరంగుకు తిరుగుతాయి.

లైటుకు వైద్యం: తొలగించటం

పాలీకార్బనేట్‌లో చెడిన పొర చాలా పలచన, ఇంచుమించు వెంట్రుక మందం. పచ్చబడిన పొర తానే అతినీలలోహితాన్ని మింగేస్తుంది, ఆక్సిజన్ కూడా లోతుకు సులభంగా దిగలేదు. అందుకే కింది పదార్థం ఇంకా తేటగా ఉంటుంది. ఇక్కడ రసాయనంతో పని లేదు, పై పొరను తీసేయటమే వైద్యం.

లైటును బాగా కడిగి, చుట్టూ ఉన్న పెయింటుకు మాస్కింగ్ టేపు వేయాలి. 800 నంబరు వాటర్ పేపరును నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు పోస్తూ ఒకే దిశలో రుద్దాలి. మొదట కారే నీళ్ళు పసుపుగా, చిక్కగా ఉంటాయి. రుద్దే కొద్దీ తెలుపుకు తిరుగుతాయి. చెడిన పొర పోయిందనటానికి ఆ తెలుపే గుర్తు. నీళ్ళు ఇంకా పచ్చగా ఉండగా తొందరపడి తర్వాతి నంబరుకు వెళ్తే మిగిలిన పసుపు పాలిష్ కింద మరకలుగా నిలిచిపోతుంది. ఆపైన 1000, 1500, 2000, 3000 నంబర్లకు వెళ్తూ ప్రతిసారీ దిశ మార్చి రుద్దాలి. అలా చేస్తే ముందు నంబరు గీతలు పోయాయో లేదో తెలిసిపోతుంది. ఈ దశలో అద్దం మజ్జిగలా మసకగా ఉంటుంది, భయపడనక్కర్లేదు. రబ్బింగ్ కాంపౌండుతో బఫింగ్ చేస్తే తేట వస్తుంది.

టూత్‌పేస్టుతో రుద్దితే లైటు తెల్లబడుతుందని చాలామంది చెబుతారు. అందులో కొంత నిజం లేకపోలేదు. చాలా పేస్టుల్లో కాల్షియం కార్బనేట్ పొడి ఉంటుంది. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారమైన సున్నపురాయి కూడా ఆ పదార్థమే. మెత్తటి ఆ పొడి పైపొరను కొద్దిగా అరగదీస్తుంది. లేత మసకకు అది చాలు, ముదిరిన పసుపుకు చాలదు. పైగా మిగిలిన కాస్త రక్షణ పూతను కూడా తీసేస్తుంది.

అసలు పని పాలిష్ తర్వాత మొదలవుతుంది. రుద్దటంతో పాత పూత మొత్తం పోయింది కాబట్టి ఇప్పుడు పాలీకార్బనేట్ ఒంటి మీద గుడ్డ లేకుండా ఎండలో నిలబడినట్టు ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అతినీలలోహితాన్ని ఆపే క్లియర్ కోట్ వేసి, పూర్తిగా ఆరనివ్వాలి. ఈ మెట్టు వదిలేస్తే కొన్ని నెలల్లోనే పసుపు తిరిగొస్తుంది. గంటలో చేతికిచ్చే పనికి, నిలిచే పనికి తేడా ఈ పూతలోనే ఉంది.

ఇది అందం కోసం చేసే పని మాత్రమే కాదు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పరీక్షించినప్పుడు బాగా చెడిన హెడ్‌లైట్లు కొత్తవాటి వెలుగులో ఐదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే ఇచ్చాయి. చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై రాత్రిపూట ముందు ఆగి ఉన్న లారీ ఎంత దూరంలో కనిపిస్తుందన్నది ఆ వెలుగు మీదే ఆధారపడుతుంది.

తెల్లటి భాగాలకు వైద్యం: విరవటం

గరుకు ఉపరితలం, గళ్ళు, అక్షరాలు ఉన్న ఏబీఎస్ భాగాలను రుద్దితే వాటి రూపమే పోతుంది. వీటికి వేరే దారి ఉంది. 2008 ప్రాంతంలో పాత కంప్యూటర్లను సేకరించే ఔత్సాహికులు పచ్చబడిన పెట్టెలను హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతున్నాయని గమనించి, ఆ పద్ధతిని రెట్రోబ్రైట్ అని పిలిచారు. దీని లోపలి కథ మిరప కళ్ళంలో జరిగేదే. అతినీలలోహితం తగిలిన పెరాక్సైడ్ చురుకైన ఆక్సిజన్ ప్రాతిపదికలను ఇస్తుంది. అవి పసుపుకు కారణమైన ద్విబంధాల వరసలను విరిచేస్తాయి. వరస పొట్టిబడగానే అది నీలం వెలుగును మింగటం మానేస్తుంది. మిరపకాయ ఎరుపు వెలిసిపోయేలా చేసే ఎండతోనే ప్లాస్టిక్ పసుపు కూడా వెలిసిపోయేలా చేయించటమే ఈ పద్ధతి.

భాగాన్ని విప్పి, స్టిక్కర్లు, లోహపు ముక్కలు తీసి, సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. మందుల షాపులో 20 వాల్యూమ్ పేరుతో దొరికే పెరాక్సైడ్ ఆరు శాతం. బ్యూటీ పార్లర్లలో జుట్టుకు వాడే 40 వాల్యూమ్ డెవలపర్ క్రీము పన్నెండు శాతం. క్రీమును సమంగా పూసి, పలచటి పారదర్శక కవరుతో చుట్టి, ఎండలో పెట్టి గంటకోసారి తిప్పుతూ ఉండాలి. క్రీము ఒకచోట ఎండి మరోచోట తడిగా ఉంటే చారలు పడతాయి, ఆ చారలు మళ్ళీ పోవటం కష్టం. ముంచదగిన చిన్న భాగాలకు తొట్టిలో పోసిన పెరాక్సైడ్ మేలు. మే నెలలో మధ్యాహ్నపు ఎండ పనికిరాదు, పలచటి పలకలు వంకర పోతాయి. ఉదయపు ఎండ చాలు.

జాగ్రత్తలు తప్పనిసరి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. చర్మానికి తగిలితే తెల్లగా బొబ్బలెక్కినట్టై మండుతుంది. తొట్టి మూత బిగించకూడదు, ఆక్సిజన్ వాయువు చేరి పేలవచ్చు. అసిటోన్, వెనిగర్ సహా మరే రసాయనాన్నీ ఇందులో కలపకూడదు. పని పూర్తయ్యేదాకా పిల్లలను, పశువులను దగ్గరికి రానివ్వకూడదు.

ఏ భాగం మీదా వాడకూడనివి కొన్ని ఉన్నాయి. పెట్రోలు, థిన్నర్, గోళ్ళరంగు తుడిచే ద్రావకం పాలీకార్బనేట్‌ను, ఏబీఎస్‌ను కరిగిస్తాయి లేదా సన్నటి పగుళ్ళు తెస్తాయి. అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రవాలు పాలీకార్బనేట్‌కు హాని. ఫైబర్ టాపుకు రబ్బింగ్ కాంపౌండు, మైనం సరిపోతాయి. నార బయటపడితే పొడిగా రుద్దకూడదు, గాజుదుమ్ము ఊపిరిలోకి పోతుంది. రంగు మారి బిరుసెక్కిన పీవీసీకి వైద్యం లేదు, మార్చుకోవటమే.

తిరిగి రానిది

ఇన్ని పద్ధతులకూ ఉమ్మడిగా ఒక హద్దు ఉంది. రంగు పోతుంది, పోయిన బలం రాదు. పెరాక్సైడ్ విరిచేది పసుపు వరసలనే. ఎండకు తెగిన పొడవాటి గొలుసులను అది మళ్ళీ అతకలేదు, మాడిపోయిన బ్యూటడైన్ రబ్బరుకు సాగే గుణాన్ని తిరిగి ఇవ్వలేదు. అందుకే కొత్తదానిలా తెల్లబడిన జాలీని మళ్ళీ బిగించేటప్పుడు స్క్రూ చెవి పుటుక్కున విరుగుతుంది. తెల్లబడింది కాబట్టి బాగుపడిందనుకోవటం వల్ల వచ్చే నష్టం ఇది. విప్పేముందే గోటితో అంచును కాస్త వంచి చూడాలి. వంగకుండా చిట్లితే ఆ భాగానికి కావలసింది తెలుపు కాదు, కొత్త భాగం. చెడిన మూలాలు లోపలే ఉంటాయి కనుక తెల్లబడిన ఏబీఎస్ కొన్నేళ్ళకు, కొన్నిసార్లు చీకట్లో పెట్టినా సరే, మళ్ళీ పచ్చబడుతుంది.

కనుక వైద్యం కన్నా కాపుదల ముఖ్యం. దానికి ఉదాహరణ మిరప చేలోనే ఉంది. డ్రిప్పు పైపులు ఏళ్ళ తరబడి ఎండలో పడి ఉండి కూడా నిలబడతాయి. వాటి పాలిథిలీన్‌లో కలిపిన రెండు శాతం పైచిలుకు కార్బన్ మసి అతినీలలోహితాన్ని తానే మింగి వేడిగా మార్చేస్తుంది. తెల్లటి, తేటైన భాగాల్లో మసి కలపలేం కాబట్టి తయారీలో అతినీలలోహితాన్ని మింగే రసాయనాలను, స్వేచ్ఛా ప్రాతిపదికలను పట్టి చల్లార్చే అమైన్లను కలుపుతారు. అవి కొన్నేళ్ళకు ఖర్చయిపోతాయి. ఆ తర్వాత రక్షణ బాధ్యత బండి యజమానిది. ఆ పనికి నీడ ఒకటి, పై పూత రెండోది. మొదటిదానికి ఖర్చు లేదు.

సాయంత్రం మంచు పడకముందే రైతు కాయల మీదికి పట్టా లాగుతాడు, ఎండటం పూర్తికాగానే వాటిని చీకటి చల్లదనంలోకి పంపుతాడు. రంగు పోయాక దాన్ని తిరిగి తెచ్చే మందు కాయకు లేదని అతనికి తెలుసు. ప్లాస్టిక్‌కు అలాంటి మందు ఒకటి ఉంది. అది రంగుకే గాని బలానికి కాదు కాబట్టి, రోజంతా కళ్ళం పక్కన ఊరికే ఆగి ఉండే క్యాంపర్‌ను పది అడుగులు అవతల వేపచెట్టు కింద నిలిపితే, ఆ మందు అవసరమే చాలా ఏళ్ళు వాయిదా పడుతుంది.